నాలుగు చుక్కల లెక్క

నా చిన్నప్పుడు మా ఇంట్లో పొద్దున్నే రెండు చప్పుళ్లు తప్పనిసరి. ఒకటి అమ్మ పెట్టిన కుక్కర్ విజిల్. రెండోది నాన్న చెంపల మీద అరచేతులు పడే చప్పుడు. గడ్డం గీసుకోవడం పూర్తయిందనడానికి అదే గుర్తు. పక్కవాటాలో కొత్తగా దిగినావిడ ఓసారి ‘పొద్దున్నే పిల్లాణ్ని అలా కొడుతున్నారేంటండీ?’ అని అమ్మని నిలదీసింది కూడా. దెబ్బలు పడుతున్నది మా నాన్నకేననీ, కొట్టుకుంటున్నదీ ఆయనేననీ చెబితే నమ్మడానికి ఆవిడకి రెండు రోజులు పట్టింది.

అద్దం పక్కన గూట్లో ఉండేది ఆ సీసా. తెల్లగా, మీద తెరచాప ఓడ బొమ్మతో. ఓల్డ్ స్పైస్. మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. నొక్కితే తుస్సుమనే మీట దానికి లేదు. మూత తీస్తే సన్నటి రంధ్రం, అంతే. నాన్న సీసా వంచి ఎడమ అరచేతిలో నాలుగంటే నాలుగు చుక్కలు వేసుకునేవారు. పొరపాటున ఐదోది పడిందా, అది నా జేబురుమాలుకి దక్కేది. బడికి టైమవుతున్నా నేను ఆయన పక్కనే నిలబడేది దానికోసమే. ‘ఇంకొంచెం పోసుకోవచ్చుగా నాన్నా’ అంటే, ‘పక్కన కూర్చున్నవాడికి తెలిస్తే చాలురా, వీధి చివర ఉన్నవాడికెందుకు?’ అనేవారు.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే... ఇంజినీరింగ్ చదువుతున్న మా అక్క కొడుకు మొన్నామధ్య ఓ కొలోన్ సీసా పట్టుకొచ్చాడు. పుట్టినరోజుకి ఎవరో ఇచ్చారట. ‘మామయ్యా, దీని స్ప్రే ఊడిపోయినట్టుంది. ఎలా వాడాలి?’ అన్నాడు. ఊడిపోవడానికి దానికి అసలు స్ప్రేయే లేదు. అరచేతిలో పోసుకుని రాసుకునే రకం. వాడికి చెప్పిన పాఠమే మీ ఇంట్లో కుర్రాళ్లకీ పనికొస్తుందేమో చూడండి.

గడ్డం గీసుకున్నాక ముఖాన్ని చన్నీళ్లతో కడిగి తువ్వాలుతో అద్దుకోవాలి. నీళ్లు కారుతుండగానే రాస్తే కొలోన్ పల్చబడిపోతుంది. సీసాని ఒక్కసారిగా బోర్లించకూడదు, కాస్త వంచి మెల్లగా కుదపాలి. మూతి వెడల్పుగా ఉన్న సీసా అయితే వేలితో మూతి మూసి, ఓసారి తలకిందులు చేసి, వేలికంటిన తడినే రాసుకోవచ్చు. అరచేతిలో వేసుకుంటే రూపాయి బిళ్లంత తడి చాలు. రెండు చేతులూ ఒకసారి కలిపి ముందు దవడలకి, తర్వాత గడ్డం కింద, మిగిలింది మెడ వెనక. కళ్ల దరిదాపులకి వద్దు. చెళ్లుమనిపించాల్సిన అవసరమూ లేదు, అద్దితే చాలు. ఆ చప్పుడు మా నాన్న సరదా.

రాసుకోగానే చల్లగా ఉండి, గాటు పడినచోట చురుక్కుమంటుందే, అది ఆల్కహాల్ పని. కొలోన్‌లో పరిమళ తైలాలు మామూలుగా నూటికి రెండు నుంచి ఐదు వంతులే. మిగతాదంతా దాదాపుగా ఆల్కహాలూ, కొద్దిగా నీళ్లూ. ఆ ఆల్కహాల్ ఆవిరవుతూ చర్మంలోని వేడిని లాక్కుపోతుంది. అందుకే ఆ చలవ. అందుకే జాగ్రత్త కూడా. చేతులు పూర్తిగా ఆరేదాకా పొయ్యి దగ్గరికీ, దేవుడి దీపం దగ్గరికీ వెళ్లకూడదు. చార్మినార్ దగ్గర కొనే అత్తరు సంగతి వేరు. సంప్రదాయంగా చేసే అత్తరుకి ఆధారం గంధపు నూనె. దూదికి ఒక్క చుక్క అద్ది చెవిలో పెట్టుకుంటే రోజంతా ఉంటుంది. కొలోన్ అంతసేపు ఉండదు, ఉండాలని ఆశపడి గుమ్మరించుకోకూడదు.

ఎండలోకి వెళ్లేవాళ్లకి ఇంకో మాట. కొలోన్లలో బెర్గమాట్ అనే నారింజ జాతి పండు తొక్క నుంచి తీసిన నూనె వాడతారు. అందులోని ఓ పదార్థం చర్మం మీద ఉండగా ఎండ తగిలితే అక్కడ నల్లమచ్చ పడుతుంది. వెనకటి రోజుల్లో ఎక్కువగా పోసుకుంటే మెడమీంచి కారిన దారుల్లోనే గొలుసు బిళ్లల ఆకారంలో మచ్చలు వచ్చేవి. గొలుసుకి వేలాడే బిళ్లని ఫ్రెంచిలో బ్రెలోక్ అంటారు, ఆ పేరుమీదే డాక్టర్లు దాన్ని ‘బెర్లాక్ డెర్మటైటిస్’ అన్నారు. ఇప్పుడు చాలా కంపెనీలు ఆ పదార్థం తీసేసిన నూనెనే వాడుతున్నాయి. అయినా మన రోహిణి ఎండల్లో మెడకి కారేలా పోసుకోకపోవడమే మంచిది.

కొలోన్ అన్నది జర్మనీలో ఓ ఊరి పేరు. ఇటలీ నుంచి వలస వచ్చిన ఫరీనా కుటుంబం 1709లో అక్కడ మొదలుపెట్టిన కంపెనీ ఇప్పటికీ ఉంది. అదే ఊళ్లో ఓ ఇంటి నంబరు 4711. అదే ఇంకో కొలోన్‌కి పేరైపోయింది. ‘కొలోన్ నీళ్లు’ అన్నదాన్ని ఫ్రెంచివాళ్లు వాళ్ల భాషలో చెబితే, అది మన అమ్మమ్మల నోట ‘ఓడికొలోన్’ అయింది. జ్వరం వస్తే ఓడికొలోన్‌లో తడిపిన గుడ్డ నుదుటిమీద వేసిన ఇళ్లెన్నో. పిల్లలకి ఆ పని చేయొద్దని ఇప్పటి డాక్టర్లు చెబుతున్నారు. ఆల్కహాల్ చర్మం ద్వారా, ఊపిరి ద్వారా లోపలికి వెళ్తుంది కాబట్టి మామూలు నీళ్లే మేలు. టర్కీలో అయితే ఇప్పటికీ ఇంటికొచ్చిన అతిథుల అరచేతుల్లో నిమ్మ కొలోన్ పోసి మర్యాద చేస్తారు, మనం పెళ్లిళ్లలో పన్నీరు చల్లినట్టు. 2020లో కరోనా వచ్చినప్పుడు అక్కడివాళ్లు దాన్నే శానిటైజర్‌లా వాడుకున్నారు.

ఇక మా నాన్న ఓడ సీసా మగవాళ్ల కోసం బజార్లోకి వచ్చింది 1938లో, అమెరికాలో. తమాషా ఏంటంటే అంతకు ఏడాది ముందే అదే పేరుతో ఆడవాళ్ల కోసం వచ్చింది. స్ప్రే కథ ఇంకా తమాషా. డివిల్‌బిస్ అనే అమెరికన్ డాక్టరు పంతొమ్మిదో శతాబ్దం చివర్లో రోగుల గొంతులో మందు చల్లడానికి ఓ పరికరం చేశాడు. ఆయన కంపెనీయే తర్వాత దాన్ని సెంటు సీసాలకి బిగించింది.

స్ప్రేలో ఒక నొక్కుకి ఎంత రావాలో అంతే వస్తుంది. అరచేతిలో పోసుకునేటప్పుడు ఎంత అన్నది మన ముక్కే చెప్పాలి. చిక్కంతా అక్కడే. ఏ వాసనకైనా ముక్కు కాసేపట్లో అలవాటుపడిపోతుంది. రోజూ ఒకే సెంటు వాడేవారికి ‘ఇవాళ సరిగా తెలియడంలేదే’ అనిపిస్తుంది. ఇంకాస్త పోసుకుంటారు. బస్సులో పక్కసీటు మనిషికి తలనొప్పి మొదలవుతుంది. అందుకే ముక్కుని నమ్ముకోవద్దు, లెక్కని నమ్ముకోమని మా మేనల్లుడికి చెప్పాను. ఈ సంగతి నాకు పుస్తకాల్లో తెలియలేదు. మా ఇంట్లోనే తెలిసింది.

మూడేళ్ల కిందట సంక్రాంతికి ఇంటికెళ్లాను. గేటు తీస్తుండగానే నాన్న సెంటు వాసన. మనిషి ఇంకా వరండాలో ఉన్నారు. ‘మీ నాన్నకి ఈమధ్య షోకు ఎక్కువైందిరా. మునుపు నాలుగు నెలలొచ్చే సీసా ఇప్పుడు నెలకే ఖాళీ’ అంది అమ్మ. అందరం నవ్వుకున్నాం. రిటైరయ్యాక కుర్రాడైపోయారని మా బావ ఏడిపించాడు. నాన్న కూడా నవ్వి, ‘ఎంత పోసుకున్నా ఆనడం లేదురా’ అన్నారు. ఆ మాటని మేమెవరం పట్టించుకోలేదు.

కనుమ రోజు పొద్దున అమ్మ గుడికి వెళ్లింది. నేను మేడమీంచి దిగుతుంటే సగం మెట్ల దగ్గరే గుప్పున గ్యాస్ వాసన. వంటింట్లోకి పరుగెత్తాను. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. బర్నర్ తిప్పినట్టే ఉంది. దానికి నాలుగడుగుల దూరంలో స్టూలు మీద కూర్చుని నాన్న పేపరు చదువుకుంటున్నారు. పొయ్యి కట్టేసి, రెగ్యులేటర్ ఆపేసి, తలుపులూ కిటికీలూ బార్లా తెరిచాను.

‘ఏమైందిరా?’ అన్నారు.

‘వాసన రాలేదా నాన్నా?’

‘ఏం వాసన?’

నాకు కాళ్లు వణికాయి. వంటగ్యాస్‌కి సొంత వాసన ఉండదు. లీకైతే మనకి తెలియాలనే మెర్‌కాప్టాన్ అనే ఘాటైన రసాయనం కలుపుతారు. మనల్ని కాపాడటానికి కలిపిన ఆ వాసన నాన్న వరకూ చేరడమే లేదు. నాలుగు చుక్కలు పది చుక్కలైనప్పుడే ఆ సంగతి సీసా మాకు చెప్పింది. మేము దాన్ని షోకు అనుకుని నవ్వాం.

ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. అరవై దాటాక వాసన తెలిసే శక్తి తగ్గడం చాలామందిలో ఉందనీ, నెమ్మదిగా తగ్గుతుంది కాబట్టి వాళ్లకే తెలియదనీ చెప్పారు. ముక్కులో కండ పెరగడం, సైనస్, కరోనా లాంటి వైరస్‌లూ కారణం కావచ్చు. పార్కిన్సన్స్‌లో చేతులు వణకడానికి ఏళ్ల ముందే వాసన తగ్గొచ్చు. అందుకే ముసలితనమేలే అని వదిలేయకుండా చూపించుకోవాలన్నారు. పరీక్షల్లో నాన్నకి అలాంటివేమీ లేవని తేలింది. ఇంటికొచ్చాక చేయమని ఓ సాధన చెప్పారు. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం... ఈ నాలుగింటినీ పొద్దునా సాయంత్రం ఒక్కొక్కటీ కొన్ని సెకన్లపాటు, దాన్నే తలచుకుంటూ వాసన చూడాలి. జర్మనీలో హుమెల్ అనే శాస్త్రవేత్త బృందం 2009లో పన్నెండు వారాలు చేయించి చూస్తే కొందరికి మెరుగైందట. నాన్నకి లవంగం కాస్త తెలుస్తోంది. నిమ్మ ఇంకా లేదు.

వంటింట్లో గ్యాస్ లీకైతే మోగే అలారం పెట్టించాం. రాత్రి పడుకునేముందు రెగ్యులేటర్ కట్టేయడం అలవాటు చేశాం. లీకైతే స్విచ్చులు ముట్టుకోకుండా బయటికి వచ్చి 1906కి ఫోన్ చేయాలని ఫ్రిజ్ మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించాం. మీ ఇంట్లో పెద్దాయన కూడా ఈమధ్య సెంటు ఎక్కువ పోసుకుంటున్నారా? అమ్మమ్మ పులుసు అడుగంటినా గమనించడం లేదా? నవ్వేముందు ఓ నిమ్మచెక్క ముక్కు దగ్గర పెట్టి, కళ్లు మూసుకుని ఏంటో చెప్పమనండి.

మొన్న ఊరెళ్లినప్పుడు నాన్న అద్దం ముందున్నారు. సీసా వంచి, ‘ఒకటి, రెండు, మూడు, నాలుగు’ అని పైకే లెక్కపెడుతున్నారు. పక్కన మా అబ్బాయి జేబురుమాలు పట్టుకుని నిలబడ్డాడు. ఐదో చుక్క పొరపాటున పడలేదు, ఆయనే కావాలని వేశారు. తర్వాత వంగి, చెంప వాడి ముక్కు దగ్గర పెట్టారు.

‘సరిపోయిందిరా?’

‘బావుంది తాతయ్యా.’

‘అయితే చాల్లే’ అని మూత బిగించారు.