ఈ సకలకళావల్లభుడు మన వసారాకు వద్దు

వడ్రంగం చేసుకునే ఇళ్ళలో ఈ మధ్య ఒక మోజు పుట్టింది. కోత, చిత్రిక, బెజ్జం, మూడు పనులూ ఒక్క మోటారు మీద చేసే మల్టీపర్పస్ మిషను కొనాలని! ఫోను తెరిస్తే చాలు, ఆ మిషను ముందు నిలబడి ఎవరో ఒకరు నవ్వుతూ కనిపిస్తారు. అది చూసి ఇంటాయనకు నిద్ర పట్టదు. ఆయన్ను చూసి ఇల్లాలికి నిద్ర పట్టదు.

"నవలలు రాసుకునేదానివి, రంపాల సంగతి నీకెందుకమ్మా?" అంటారు. అననివ్వండి. రంపం వచ్చిన ఇంట్లో ఎవరికెంత కోత పడుతుందో చూడటానికి వడ్రంగే కానక్కర్లేదు. అందుకే ఘంటాపథంగా చెబుతున్నాను: అనంతపురం పల్లెల్లో వసారాలో కూర్చుని పని చేసుకునే వడ్లాయనకు ఈ మిషను తగదు.

అవతలివాళ్ళ వాదన కూడా విందాం. చోటు కలిసొస్తుంది, మోటారు ఒకటే కాబట్టి ఖరీదు తగ్గుతుంది, చేసే మనిషి ఒక్కడే కనుక ఎలాగూ ఒకసారికి ఒక పనే చేస్తాడు. వినడానికి బాగానే ఉంది. అసలీ ఊహ కొత్తదేమీ కాదు. మనకు స్వతంత్రం వచ్చిన 1947లోనే అమెరికాలో హాన్స్ గోల్డ్‌ష్మిట్ అనే ఆయన షాప్‌స్మిత్ అనే ఇలాంటి మిషనునే బజారులో పెట్టాడు. కారు షెడ్డులో ఆదివారం పూట సరదాకి కుర్చీ చేసుకునే వాళ్ళకది భేషుగ్గా నప్పింది. సరదాకి చేసేవాడు కోత నుంచి బెజ్జానికి అమరిక మార్చడానికి అరగంట పట్టినా ఈల వేసుకుంటూ మారుస్తాడు. మన వడ్లాయనకు ఆ అరగంటే కూలి. ఒక్క ద్వారబంధానికి కోత, చిత్రిక, బెజ్జం, మళ్ళీ కోత అంటూ ఎన్నిసార్లు మార్చాలో లెక్కవేసుకోండి!

"మిక్సీకి మూడు గిన్నెలూ ఒక మోటారూ లేవా?" అని ఒక పెద్దమనిషి నన్నే అడిగాడు. ఉన్నాయి నాయనా. కాని చట్నీ రుబ్బేటప్పుడు పక్కనే మసాలా గిన్నె కూడా మూత లేకుండా గిరగిరా తిరుగుతుంటే ఏ ఇల్లాలైనా ఆ మిక్సీని గడప దాటనిస్తుందా? చాలా చవకరకం మిషన్లలో జరిగేది సరిగ్గా అదే. రందా కత్తులు, కోత రంపం, బెజ్జం వేసే బరమా అన్నీ ఒకే ఇరుసు మీద ఉంటాయి. చిత్రిక పడుతుంటే పక్కన రంపమూ తిరుగుతూనే ఉంటుంది. రందాకు కావలసిన వేగం వేరు, లావుపాటి బరమాకు కావలసిన వేగం వేరు. రెండింటికీ ఒకే వేగమిస్తే బెజ్జంలో కట్టె మాడి పొగ వస్తుంది. ఇక పని మారినప్పుడల్లా విప్పవలసి వచ్చే రక్షణ రేకులు నాలుగు రోజులకల్లా అటక ఎక్కుతాయి. ఆ తర్వాత పోయేది వేళ్ళు. వడ్రంగికి వేళ్ళు పోతే మిగిలేదేమిటి?

వసారా అంటే ఖాళీ చోటు కాదు. పిల్లలు చదువుకునేదీ, ముసలివాళ్ళు పడుకునేదీ, మనం బియ్యం ఏరుకునేదీ అక్కడే. మా వీధి చివర ఒక ఇంటికి ఇలాంటి మిషను వచ్చింది. ఆ ఇల్లాలి మాట ఇది: "ఏం జెప్పేదక్కా! సంగటి ముద్దలో గూడా పొట్టే. పిల్లోళ్ళు పుస్తకం పడితే ఆ కూత. నేను ఇంట్లో ఉండానా, మిల్లులో ఉండానా?" ఈ పొట్టు ఊడ్చేస్తే పోయేది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ కట్టెపొడిని క్యాన్సర్ కారకమని 1995లోనే తేల్చింది. ఇక కరెంటు! మూడు హార్స్‌పవర్ మోటారంటే 2,200 వాట్లకు పైమాటే. మొదలయ్యేటప్పుడు అంతకు కొన్నింతలు లాగుతుంది. మన ఇంటి సింగిల్ ఫేజు లైను మీద దాన్ని తిప్పి చూడండి, లైట్లే చెబుతాయి.

అన్నిటికంటే అసలు కోత అప్పుది. 2023 సెప్టెంబరులో కేంద్రం మొదలుపెట్టిన పి.ఎం. విశ్వకర్మ పథకంలో పనిముట్లకు 15,000 రూపాయల దాకా ఇచ్చే ఏర్పాటుంది. అది తిరిగి కట్టనక్కర్లేదు. కావాలంటే 5 శాతం వడ్డీకి మొదటి విడత లక్ష దాకా అప్పు, 18 నెలల్లో తీర్చాలి. మంచి పథకమే, కాదనను. కాని ఆ లక్షా తెచ్చి మిషనులో పోస్తే అసలు కిందే నెలకు 5,555 రూపాయలు కట్టాలి. మనది సాలుకు సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే సీమ. వాన పడితే శెనక్కాయ, శెనక్కాయ పండితే పెళ్ళి, పెళ్ళి కుదిరితే మంచమూ బీరువా. వాన తప్పిందా, ఈ గొలుసంతా తెగుతుంది. కంతు మాత్రం తెగదు.

పూర్వం ఊరి ఆయగాండ్రలో వడ్రంగి ఒకడు. గొర్రు, గుంటక, బండిచక్రం బాగుచేసినందుకు కళ్ళంలో మేర కొలిచేవారు. మేర కోసం చేతులు కట్టుకు నిలబడ్డ ఆ రోజులు గొప్పవని నేననను. కాని పంట పోయిన ఏడు రైతూ వడ్రంగీ కరువును కలిసే మోసేవారు. బ్యాంకు వానను చూసి వాయిదా వేయదు.

మరి ఏం చేయమంటావు అంటారా? ఆ 15,000లో ఇమిడినంత వరకు చేతి రందా మిషను, డ్రిల్లు, చేతి కోత మిషను విడివిడిగా కొనమంటాను. మిగిలింది పని దొరికిన కొద్దీ కొనుక్కోవచ్చు. ఒకటి చెడితే రెండోది నడుస్తుంది. పైగా ద్వారబంధం బిగించవలసింది కట్టించుకునేవాళ్ళ ఇంటి దగ్గర. ఇవి సంచిలో వస్తాయి. ఆ మహానుభావుడు కదలడు. పెద్ద మొద్దుల కోతకు ధర్మవరంలోనో కదిరిలోనో మిల్లుకు పంపండి. లేదా నలుగురు వడ్రంగులు కలిసి ఊరి బయట రేకుల షెడ్డు వేసి, త్రీ ఫేజు కరెంటు పెట్టించి, కోత మిషను వేరు, రందా మిషను వేరుగా పెట్టుకోండి.

గమనించారా? షెడ్డూ, కరెంటూ, రోజూ పనీ ఉన్నవాడు విడివిడిగానే కొంటాడు. ఏవీ లేనివాడికే ఈ మూడు తలల మిషనును అంటగడుతున్నారు. నా కోపమంతా అక్కడే.

కనుక అమ్మలారా, అప్పు కాగితం మీద సంతకం పడే ముందు మూడు మాటలు అడగండి. ఇది తిరిగేటప్పుడు పిల్లలు ఎక్కడుంటారు? వాన రాని ఏడు కంతు ఎవరు కడతారు? రక్షణ రేకు విప్పకుండా పని మారుతుందా? జవాబులు సరిగా లేకపోతే వద్దని చెప్పండి. అన్ని పనులూ ఒక్కతే చేసుకొచ్చే మనిషి ఆ ఇంట్లో ఇప్పటికే ఒకరున్నారని కూడా చెప్పండి.