డీఎస్‌ఎల్‌ఆర్‌లో కొత్త చిప్ పెడితే సరిపోతుందా?

పెళ్లిలో ఫొటోగ్రాఫర్ చేతిలో డీఎస్‌ఎల్‌ఆర్ కనిపిస్తే మనం అడిగే మొదటి ప్రశ్న 'ఎన్ని మెగాపిక్సెల్స్ అన్నా?' బీటెక్‌లో నేనూ అదే అడిగేవాణ్ని. తర్వాత ఓ చిప్ డిజైన్ కంపెనీ ఇంటర్వ్యూలో నన్ను వేరే ప్రశ్న అడిగారు: 'సెన్సర్ నుంచి వచ్చిన డేటా ఫొటోగా మారేలోపు ఏమేం జరుగుతాయి?' నోరు పెగల్లేదు. ఆ ఉద్యోగమూ రాలేదు. మీకలా జరగకూడదనే ఈ విషయం ఎంచుకున్నాను.

మూడింట రెండొంతులు అంచనానే!

కెమెరా సెన్సర్‌కి రంగులు నేరుగా తెలియవు. ప్రతి పిక్సెల్ మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లలో ఏదో ఒకటే ఉంటుంది. కోడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్‌కి 1976లో పేటెంట్ వచ్చిన అమరిక ఇది. అంటే ఒక్కో పిక్సెల్‌కి కావాల్సిన మూడు విలువల్లో ఒకటే కొలత. మిగతా రెండూ పక్క పిక్సెల్స్‌ని చూసి వేసే అంచనా. దీన్నే డీమొజాయికింగ్ అంటారు. ఆపైన వైట్ బ్యాలెన్స్, నాయిస్ తగ్గించడం, లెన్స్ లోపాలు సరిచేయడం, జేపెగ్‌గా కుదించడం. ఇవన్నీ చేసేది ఇమేజ్ ప్రాసెసర్. కెనాన్ దానికి డిజిక్ అని, నికాన్ ఎక్స్‌పీడ్ అని పేరు పెట్టుకున్నాయి.

పని ఎంతుంటుందో లెక్కేయండి. 24 మెగాపిక్సెల్స్, పిక్సెల్‌కి 14 బిట్లు అనుకుంటే ఒక్క ఫొటోకి 42 మెగాబైట్లు. సెకనుకి 10 ఫొటోలు తీస్తే 420 మెగాబైట్లు. మనం ఎక్కువగా వాడే యూహెచ్ఎస్-1 కార్డుల గరిష్ఠ వేగమే సెకనుకి 104 మెగాబైట్లు. ప్రాసెసర్ ఎంత త్వరగా కుదించి పంపితే కెమెరా అంత తక్కువ ఆగుతుంది.

చిప్ మారినప్పుడల్లా..

2008లో వచ్చిన నికాన్ డీ90 వీడియో తీసిన మొదటి డీఎస్‌ఎల్‌ఆర్. అదే ఏడాది డిజిక్ 4తో వచ్చిన కెనాన్ 5డీ మార్క్ 2 ఫుల్ హెచ్‌డీ తీసింది. 2009లో కెనాన్ 7డీలో రెండు డిజిక్ 4 చిప్‌లు పెట్టి, 18 మెగాపిక్సెల్ ఫొటోలను సెకనుకి 8 తీసేలా చేశారు. 2020లో డిజిక్ ఎక్స్‌తో వచ్చిన 1డీ ఎక్స్ మార్క్ 3 వ్యూఫైండర్‌లో చూస్తూ సెకనుకి 16 తీస్తుంది. అద్దాన్ని పైకి లేపేసి లైవ్ వ్యూలో తీస్తే 20. చిప్ అదే, సెన్సర్ అదే. తేడా ఎక్కడుందో అర్థమైంది కదా?

అసలు అడ్డంకి అద్దం

వ్యూఫైండర్‌లో చూస్తున్నంతసేపూ వెలుగంతా అద్దం దగ్గరే మళ్లిపోతుంది. మెయిన్ సెన్సర్‌కి ఏమీ కనిపించదు. ఫోకస్‌కి విడిగా ఇంకో సెన్సర్ ఉంటుంది. కాబట్టి ముఖాన్ని గుర్తుపట్టాలంటే ప్రాసెసర్‌కి దిక్కు చిన్న మీటరింగ్ సెన్సరే. 2007 నాటి నికాన్ డీ3లో దానికున్నవి 1,005 పిక్సెల్స్. 1డీ ఎక్స్ మార్క్ 3లో సుమారు 4 లక్షలకు పెరిగాయి. అదే మిర్రర్‌లెస్ కెమెరాలో మెయిన్ సెన్సర్ చూసేదంతా ప్రాసెసర్ ఎప్పటికప్పుడు చూడగలదు. 2021లో నికాన్ జెడ్9 అయితే మెకానికల్ షట్టర్‌నే తీసేసింది.

కాబట్టి డీఎస్‌ఎల్‌ఆర్‌కి కొత్త చిప్ ఇస్తే జేపెగ్ నాణ్యత, వీడియో, లైవ్ వ్యూ ఫోకస్ బాగుపడతాయి. రా ఫైల్‌లో నాయిస్ మాత్రం పెద్దగా తగ్గదు. అది ఎక్కువగా సెన్సర్, వెలుతురు మీద ఆధారపడేది. కంపెనీలూ ఈ లెక్క ఎప్పుడో వేసుకున్నాయి. 1డీ ఎక్స్ మార్క్ 3యే తమ చివరి ఫ్లాగ్‌షిప్ డీఎస్‌ఎల్‌ఆర్ అని కెనాన్ అధినేత 2021లో చెప్పారు. నికాన్ 2020లో డీ6 తర్వాత కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ తేలేదు. పెంటాక్స్ ఒక్కటే ఆ దారిలో నిలబడింది.

మరి మీరేం చేయాలి?

ఫొటోగ్రఫీ నేర్చుకోవడానికి సెకండ్ హ్యాండ్ డీఎస్‌ఎల్‌ఆర్ ఇప్పటికీ మంచి బేరమే. కొత్తదాని కోసం మాత్రం ఈఎంఐ నెత్తినేసుకోకండి.

ఉద్యోగం సంగతికొస్తే, డీఎస్‌ఎల్‌ఆర్ వెనకబడినా దాని లోపలి పని ఎక్కడికీ పోలేదు. ఫోన్, కారు కెమెరా, సీసీ కెమెరా.. అన్నింట్లోనూ అదే వరస. స్నాప్‌డ్రాగన్‌లో స్పెక్ట్రా పేరుతో ఉండేది ఇలాంటి ప్రాసెసరే. దాన్ని తయారుచేసే క్వాల్‌కామ్‌కి హైదరాబాద్‌లోనూ ఆఫీసుంది. ఈసీఈ వాళ్లకి డీఎస్పీ, వెరిలాగ్. సీఎస్ఈ వాళ్లకి సీ ప్లస్ ప్లస్, ఓపెన్‌సీవీ పునాది.

ఒక చిన్న ప్రాజెక్టు చేయండి. ఫోన్ ప్రో మోడ్‌లో రా ఫైల్ సేవ్ చేసే వీలుంటే ఒక ఫొటో తీయండి. పైథాన్‌లో దాన్ని తెరిచి, డీమొజాయికింగ్ కోడ్ మీరే రాయండి. ఫోన్ ఇచ్చిన జేపెగ్ పక్కన పెట్టి చూడండి. అంచుల దగ్గర మీ ఫొటోలో రంగులు చెదిరిపోతాయి. ఎందుకలా అయ్యిందో, ఎలా సరిచేశారో రెజ్యూమెలో రెండు లైన్లు రాయండి. నన్నడిగిన ప్రశ్న మిమ్మల్ని అడిగితే, చెప్పడానికి మీ దగ్గర సొంత జవాబుంటుంది.