నొప్పి లేని రక్తస్రావం: మొలలని ఊరుకోకండి

మలంతో రక్తం పడగానే మన ఇళ్లలో మొదట వచ్చే మాట "మొలలు". వెంటనే దానిమ్మ పెచ్చుల కషాయం, పలుచని మజ్జిగ మొదలవుతాయి. చాలాసార్లు ఆ ఊహ నిజమే. నిజం కానినాడు ప్రాణం మీదికి వస్తుంది.

ఇరవై ఏళ్ల క్రిందట దివిసీమ నుండి పదేళ్ల బాలుణ్ణి విజయవాడకు, నా వద్దకు తీసుకువచ్చారు. మూడు రోజులుగా ముదురెరుపు రక్తం పోతున్నది. నొప్పి లేదు, జ్వరం లేదు. అందుచేతనే పెద్దలు ధైర్యంగా ఉన్నారు. నాడి సన్నగా, అతివేగంగా ఉన్నది. క్రిందిరెప్ప లోపల తెల్లగా పాలిపోయింది. "మీ హస్తవాసి మంచిది బాబూ, ఒక్క పొట్లం ఇవ్వండి" అన్నది నాయనమ్మ. నా చెయ్యి మందుపెట్టె వైపు వెళ్లిన మాట నిజం. కాని వెనక్కు తీసుకొని, ఆ క్షణమే ఆసుపత్రికి పంపాను.

అక్కడ రక్తం ఎక్కించారు. పైనుండి, క్రిందినుండి గొట్టాలు వేసి చూచినా కారణం దొరకలేదు. ఐసోటోపు స్కానులో చిన్నప్రేవు మీద ఒక తిత్తి బయటపడింది. 1809లో జర్మన్ శరీరశాస్త్రజ్ఞుడు మెకెల్ వివరించినందున దానికి ఆయన పేరే వచ్చింది. గర్భస్థశిశువు బొడ్డుకూ ప్రేవుకూ నడుమ ఉండే నాళం పుట్టుకకు చాలా ముందే కరిగిపోవాలి. నూటికి సుమారు ఇద్దరిలో దాని మొదలు తిత్తిగా మిగులుతుంది. వారిలో అధికులకు జన్మంతా ఏ బాధా ఉండదు. కొందరి తిత్తిలో మాత్రం జఠరపు పొర ఉండి, ఆమ్లం స్రవించి, ప్రక్కనున్న ప్రేవును పుండు చేస్తుంది. అట్టి రక్తస్రావానికి కషాయం చాలదు. తిత్తిని, అవసరమైతే దానితో కొంత ప్రేవును కోసి తీసి, కొసలు కలిపి కుట్టవలసిందే. అట్లే చేశారు. బాలుడు దక్కాడు.

ఇది ఆయుర్వేదానికి ఓటమి అన్న మిత్రులున్నారు. నేను అంగీకరించను. అధోమార్గాన పోయే రక్తపిత్తాన్ని చరకుడు సులభసాధ్యాల్లో చేర్చలేదు, యాప్యమన్నాడు. పక్వమైన గుల్మం ధన్వంతరి సంప్రదాయం వారి అధికారమని తన గ్రంథంలోనే ఒప్పుకున్నాడు. సుశ్రుతుడు ఉదరం కోసి ప్రేవును చక్కదిద్దే విధానమే వర్ణించాడు. హద్దు ఎరిగి రోగిని అప్పగించడం కూడా మా గురువులు నేర్పిన విద్యే.

కనుక గృహిణులు ఇవి గుర్తుంచుకోండి. మలం తారువలె నల్లగా, జిగటగా, దుర్గంధంతో ఉన్నా, ఎర్రని రక్తం ఎక్కువగా పడినా, లేచి నిలబడితే కళ్లు తిరిగినా, చెమటలు పట్టి ఒళ్లు చల్లబడినా ఏ చిట్కా వద్దు. 108కి ఫోను చేయండి. మండూరం, ఇనుము మాత్రలు వాడేవారికి మలం నల్లబడడం సహజమే. అయినా సందేహం వస్తే వైద్యునికి చూపండి. పోయిన బలాన్ని తిరిగి తెచ్చే ఆహారం, ఔషధం మా వద్ద ఉన్నాయి. ముందు రక్తం ఆగాలి.