తలుపు తెరిచే ఉంది, పోరాదూ?

చిన్న దెయ్యం సినిమా వచ్చిందంటే పటాన్‌చెరు దగ్గరి కర్దనూర్ టీ కొట్టు దగ్గర తీర్పు రెండు ముక్కల్లో తేలిపోతుంది. ఒకటి, "భయమైతలేదు, నవ్వొస్తున్నది." రెండోది, మనిషిని ఇంట్లో బంధించే కథలకు మాత్రమే పడే మాట: "గంటసేపటి సంది గా ఇంట్లనే తిరుగుతడేందిరా, తలుపు పలగ్గొట్టి ఉరుకరాదు?" సినిమా తీసినవాళ్లు ఈ రెండోదాన్ని లెక్కచేయరు. జనానికి ఓపిక లేదు, పాటలకూ ఫైట్లకూ అలవాటుపడ్డారని సర్దిచెప్పుకుంటారు. పేపర్లలో వచ్చే సమీక్షలు చాలానే చదువుతాను, ఇంత సూటి విమర్శ వాటిలో అరుదు.

చేతిలో డబ్బు లేని దర్శకుడు బందీ కథనే ఎందుకు పట్టుకుంటాడో తెలిసిందే. ఒక ఇల్లు, నలుగురు నటులు, రాత్రిపూట షూటింగ్. 2004లో వచ్చిన 'సా' అనే సినిమాలో ఇద్దరిని పాడుబడ్డ బాత్రూంలో గొలుసులతో కట్టేశారు. 18 రోజుల్లో షూటింగ్ అయిపోయింది. దాదాపు 12 లక్షల డాలర్లు పెడితే 10 కోట్ల పైచిలుకు వచ్చాయి. ఆ తర్వాత ఒక గది, ఒక గొలుసు ఉంటే చాలని ఎంతమంది అనుకున్నారో! గొలుసు ఉన్నప్పుడు ఎందుకు పారిపోలేదని ఎవరూ అడగరు. అది లేనప్పుడు మనిషి ఎందుకు ఆగాడో చెప్పే బాధ్యత కథకుడిదే. మన చిన్న సినిమాలు చాలావరకు అక్కడే చేతులెత్తేస్తాయి. తలుపు దానంతటది మూసుకుంటుంది, ఫోన్‌లో సిగ్నల్ పోతుంది, పని అయిపోయిందనుకుంటారు.

రవిబాబు 'అవును' (2012) ఆ తప్పు చేయలేదు. పెద్ద హీరో లేడు. కొత్తగా పెళ్లయిన జంట కొత్త ఇంట్లో దిగుతుంది, కనిపించనివాడొకడు ఆ పెళ్లికూతురిని చూస్తూ ఉంటాడు. ఆ ఇంటికి తలుపులు బాగానే ఉన్నాయి. కొత్త కాపురం, కొత్త ఇల్లు. ఏదో చూపు తగులుతోందన్న అనుమానంతో వాటిని వదిలి ఎక్కడికి పోతుంది, ఎవరితో చెప్పుకుంటుంది? నాకు తెలిసిన ఆడవాళ్లెవరూ ఆ సినిమా చూసి "బయటికి పోరాదా" అనలేదు. వాళ్ల కోపమంతా ముగింపు మీదే. కథను తెంపకుండా రెండో భాగానికి వాయిదా వేశారు, అది వచ్చేసరికి 2015 అయింది. సగం సినిమాకు పూర్తి టికెట్ ఏమిటన్న ఆ కోపం న్యాయమైనదే.

తమిళం నుంచి డబ్బింగై వచ్చిన 'పిజ్జా'లో డెలివరీకి వచ్చిన కుర్రాడు బిల్లు డబ్బుల కోసం ఆ ఇంటి లోపల నిలబడి ఇరుక్కుంటాడు. డెలివరీ పని చేసేవాళ్లకు ఆ సీను విడమరిచి చెప్పనక్కర్లేదు.

పటాన్‌చెరు చుట్టుపక్కల ప్రేక్షకుడు ఎందుకు పోలేదని అడిగితే నేను రెండు చెవులూ పెట్టి వినడానికి కారణం ఉంది. మనుషులు ఎందుకు ఆగిపోతారో ఈ ప్రాంతానికి తెలుసు. తాతల కాలంలో దొర దగ్గర తెచ్చిన అప్పుకు జీతమున్న కుటుంబాలు ఈ జిల్లాలో ఊరూరా ఉండేవి. జీతగాడిని గడీలో ఎవరూ కట్టేయలేదు, పొద్దున పశువులను తోలుకొని పోయి సాయంత్రం తనే తిరిగి వచ్చేవాడు. ఇప్పుడు ఒడిశాలోని బలంగీర్, నువాపడా నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకు ఏటా కుటుంబాలు వస్తాయి. వర్షాలు తగ్గే నాటికి దళారి వాళ్ల చేతిలో అడ్వాన్సు పెడతాడు, అది తీరేదాకా బట్టీయే ఇల్లు. పారిపోతే ఏమవుతుందో 2013 డిసెంబరులో దేశమంతా చూసింది. అడ్వాన్సు తీసుకొని దారిలో తప్పించుకోబోయిన కలహండి కూలీల్లో ఇద్దరు దొరికితే, దళారులు వాళ్ల కుడిచేతులు నరికారు. వెట్టిని రద్దుచేసిన చట్టం అప్పటికే 37 ఏళ్లది. ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు 1982లోనే ఆకలీ పేదరికమూ కూడా బలవంతమేనని తేల్చింది. అంటే "ఎందుకు పోలేదు" అన్న ప్రశ్నకు ఆకలీ పేదరికమూ అన్న జవాబు తీర్పుల్లో ఉంది, మన దెయ్యం సినిమాల్లోనే లేదు.

ఆ జవాబును ఒక్క సినిమాలో చూశాను. అది తెలుగుదీ కాదు, చవకదీ కాదు. రాహుల్ సదాశివన్ తీసిన మలయాళ 'భ్రమయుగం', తెలుగులో 2024 ఫిబ్రవరి 23న వచ్చింది. నలుపు తెలుపులో, పాత భవంతిలో, ముగ్గురు నలుగురు నటులతోనే నడుస్తుంది. కాబట్టి దాని కిటుకు చిన్న సినిమాకూ అందేదే. బానిసల అమ్మకం నుంచి పారిపోయి వచ్చిన పాటగాడు ఆకలితో ఆ ఇంటికి చేరతాడు. ఆ ఇంటి యజమాని పోట్టి (మమ్ముట్టి) అతన్ని తిట్టడు, కొట్టడు. అన్నం పెడతాడు, పాట పాడించుకుంటాడు. తర్వాత పాచికలకు పిలుస్తాడు. పందెం కాయడానికి ఆ పేదవాడి దగ్గర ఏముంది? తన కాలమే. ఓడిపోతాడు. అక్కడి నుంచి ఆ ఇల్లు దాటడం అతని చేతిలో లేదు. దెయ్యం సంగతి బయటపడేది ఎప్పుడో తర్వాత, నాకు భయం వేసింది మాత్రం ఆ పాచికల దగ్గరే.

ఇక్కడి కార్మికుల రూముల్లో ఆ సినిమాను ఫోన్లలో చూసినవాళ్ల మాటలు ఒకేలా ఏమీ లేవు. రంగుల్లేవని పది నిమిషాలకే ఆపేసినవాళ్లున్నారు. చివర అర్థం కాలేదన్నవాళ్లున్నారు, నాకూ సగమే అర్థమైంది. షిఫ్టు దిగి వచ్చిన ఒకాయన మాత్రం పాటగాడి మీద మండిపడ్డాడు. "ఓడిపోతనని ఎర్కనే గదా, ఎందుకు కూసున్నడు ఆటకు?"

పక్కనున్నాయన టీ గ్లాసు దించకుండానే అన్నాడు: "తిన్నడు గదనే ఆల్లింట్ల."