మాకు ఊరు చూపించకండి, బస్సెక్కడం నేర్పండి

పోయిన ఆదివారం ఉప్పల్ నుంచి మా వియ్యపురాలు వచ్చారు. మే నెలలో ఆవిడ టొరంటో వెళ్తున్నారు. మనవడిని చూసుకునే వంతు ఈసారి ఆవిడది. పోయినేడు నేను ఆరు నెలలు ఉండి వచ్చాను కదా, అక్కడ ఏమేం చూడాలో చెప్పమని కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నారు. నేనూ గడగడా చెప్పేశాను. సీఎన్ టవర్, నయాగరా, కాసా లోమా అనే కోట, స్వామినారాయణ మందిరం, పడవెక్కి వెళ్లే ద్వీపాలు. ఆవిడ రాసుకుని, టీ తాగి వెళ్లిపోయారు. గిన్నెలు కడుగుతుంటే అనిపించింది, చెప్పాల్సింది ఒక్కటీ చెప్పలేదని.

ఆ జాబితాలో ఉన్నవి చూడదగ్గవి కావని కాదు. సీఎన్ టవర్ 553 మీటర్లు. 1976లో తెరిచారు, అంటే మన బిర్లా మందిర్ వయసే. ముప్పై ఏళ్లకు పైగా ప్రపంచంలో తీగల ఊతం లేకుండా తనంతట తాను నిలబడే కట్టడాల్లో అంత ఎత్తుది ఇంకోటి లేదు. 342 మీటర్ల ఎత్తులో నేల మీద అద్దం పరిచి, దాని మీద నిలబడి కిందికి చూడమంటారు. నేను నిలబడలేదు. కాసా లోమా కట్టించినాయన సర్ హెన్రీ పెల్లాట్ తొంభై ఎనిమిది గదుల కోట కట్టుకుని, అప్పులపాలై, పదేళ్లు కూడా కాపురం ఉండకుండానే వదిలి వెళ్లాడట. ఆ కథ మా ఆయనకి భలే నచ్చింది, ఇల్లు కట్టించేవాళ్లందరికీ చెప్తున్నారు. నయాగరా సంగతి చెప్పక్కర్లేదు. ఎన్ని ఫొటోలు చూసి వెళ్లినా ఆ హోరు మాత్రం అక్కడే వినాలి.

ఇవన్నీ మొదటి నాలుగు వారాంతాల్లో అయిపోయాయి. మా అమ్మాయి, అల్లుడు సెలవుల్లో నిద్ర మానుకుని మరీ తిప్పారు. టవర్ టికెట్టు ఒక్కొక్కరికి నలభై డాలర్ల పైనే. మా ఆయన పైకి ఏమీ అనలేదు గానీ, మనసులో అరవైతో గుణించుకుంటున్నారని ఆయన మొహం చూస్తే తెలిసిపోయింది. నెల తిరక్కుండానే ఆయన పనుందని వచ్చేశారు. నేను మిగిలాను.

అసలు సంగతి అక్కడ మొదలవుతుంది. సోమవారం పొద్దున్న పిల్లవాణ్ని స్కూల్లో దింపి రావడం, మళ్లీ మూడున్నరకి తీసుకురావడం. మధ్యలో ఆరు గంటలు స్కార్‌బరోలో పదకొండో అంతస్తులో నేనూ, ఫ్రిజ్ చప్పుడూ. నాచారంలో ఇరవై ఎనిమిదేళ్లుగా కూరగాయలు బేరమాడి, గ్యాస్‌వాడితో పోట్లాడి, కరెంటాఫీసు చుట్టూ తిరిగి ఇల్లు నడిపినదాన్ని. అక్కడ పాలు కావాలన్నా అమ్మాయి వచ్చేదాకా ఆగాలి. (పాలు అక్కడా ప్యాకెట్లే. మూడు కలిపి ఒక సంచిలో, నాలుగు లీటర్లు.) ఒకరోజు మజ్జిగకి పెరుగు లేదని కళ్లలో నీళ్లొచ్చాయి. పెరుగు కోసం కాదని నాకు తెలుసు.

అమ్మాయి చూసింది. "ప్రతి వారం తిప్పుతూనే ఉన్నాం కదమ్మా, ఇంకా ఏం చూడాలి?" అంది. దాని గొంతులో విసుగు కంటే అలసట ఎక్కువుంది. "చూసింది చాల్లేవే, నాకు బస్సెక్కడం నేర్పు" అన్నాను. "నీకెందుకమ్మా, ఎక్కడికి కావాలంటే అక్కడికి మేం తీసుకెళ్తాంగా" అంది.

ఆ మాట నేను ఎక్కడో విన్నాను. విన్నానంటే, అన్నాను.

1999లో మా అత్తగారు మోత్కూరు దగ్గర పల్లె నుంచి మా దగ్గరికి నాలుగు నెలలు ఉండటానికి వచ్చారు. మొదటి ఆదివారమే ఆటో మాట్లాడుకుని సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్, జూ, సాయంత్రానికి బిర్లా మందిర్, అన్నీ ఒక్కరోజులో చూపించేశాం. సాలార్‌జంగ్‌లో గడియారం బొమ్మ గంట కొట్టేదాకా ఆగుదామని ఆవిడంటే, జూ మూసేస్తారని లాక్కొచ్చాను. ఆ తర్వాత నాలుగు నెలలూ ఆవిడకి మా రెండు గదుల వాటాయే ఊరు. ఒకరోజు బియ్యం ఏరుతూ, "బిడ్డా, ఈడికెల్లి ఉప్పల్ పోవాల్నంటే ఏ బస్సెక్కాలె?" అనడిగారు. ఉప్పల్ రింగు రోడ్డుకి చేరితే మోత్కూరు బస్సు దొరుకుతుందని ఆవిడకి తెలుసు. హబ్సిగూడలో మారాలి, బోర్డులు చదవలేరు, ఎక్కడైనా తప్పిపోతే ఎవరు సమాధానం చెప్తారు? "మీకెందుకత్తమ్మా, మీ అబ్బాయి దింపుతారు కదా" అన్నాను. ఆవిడ మళ్లీ అడగలేదు. ఆవిడకి ఊరు చూపించామని పదేళ్లు చెప్పుకున్నాం.

టొరంటోలో మా అమ్మాయితో ఇదంతా చెప్పలేదు. పట్టుబట్టాను, అంతే. అది రెండు రోజులు బిగుసుకుని ఉండి, మూడోరోజు ప్రెస్టో కార్డు కొనిచ్చింది. ఫ్రిజ్ మీద కాగితం అంటించింది: బస్సు నంబరు, ఎక్కాల్సిన వైపు, దిగాల్సిన స్టాపు, తప్పిపోతే ఏం చెయ్యాలి. ఒక్కసారి కార్డు తాకిస్తే రెండు గంటలు ఎన్ని బస్సులు, రైళ్లు మారినా మళ్లీ డబ్బు కట్టక్కర్లేదు. కెనడీ స్టేషన్ మనకి నాగోల్ లాంటిది, అక్కడే మెట్రో మొదలు. ఎక్కి కూర్చుంటే మారకుండా సెయింట్ జార్జ్‌లో దిగొచ్చు. నేను ఒక్కదాన్నే వెళ్లిన మొదటిచోటు అదే, ఎందుకంటే మారక్కర్లేదు కనుక.

దిగి నాలుగడుగులు వేస్తే బాటా షూ మ్యూజియం. అవును, మన బాటాయే. చెప్పులకి మ్యూజియమేమిటని నవ్వుకుంటూ లోపలికెళ్లాను. సోన్యా బాటా అనే ఆవిడ ప్రపంచమంతా తిరిగి పోగుచేసిన పాదరక్షలు, 1995 నుంచి ఆ భవనంలో ఉన్నాయి. చెప్పులపెట్టెకి మూత కాస్త ఎత్తిపెట్టినట్టు కట్టారు. బొటనవేలి దగ్గర గుబ్బ ఉండే మన పావుకోళ్లలాంటివి ఆ సేకరణలో ఉన్నాయి. మూడో నిజాం సికందర్ జా తొడుక్కున్న జోళ్లు కూడా ఆ మ్యూజియానివే. బంగారు జరీ పని, వజ్రాలు, కెంపులు, పచ్చలు పొదిగినవి. 2006 జనవరిలో వాటిని ఎవరో ఎత్తుకుపోతే మళ్లీ దొరికాయి. నేను వెళ్లిన రోజు వాటిని బయట పెట్టలేదు గానీ, ఆ సంగతి తెలిసేసరికి ఒళ్లు ఝల్లుమంది. సికింద్రాబాద్‌కి పేరిచ్చింది ఆయనే. మా ఇంటి నుంచి సికింద్రాబాద్ స్టేషన్ ఎంత దూరమని! ఆయన జోళ్లు అక్కడికి చేరాయి, ఆయన పేరున్న ఊరిదాన్ని నేనూ రైలెక్కి అక్కడికే చేరాను.

ఆ సాయంత్రం అమ్మాయికి నేను చెప్పాను, అది విన్నది. అప్పటిదాకా అన్నీ అదే చెప్పేది, నేను తలూపేదాన్ని. తర్వాత దాని లైబ్రరీ కార్డు మీద మ్యూజియాలకి ఉచిత పాసులు దొరుకుతాయని కనిపెట్టింది కూడా నేనే. నాలుగేళ్లుగా అక్కడుంటున్న వాళ్లకి తెలియదు! పన్నెండేళ్ల లోపు పిల్లలకి బస్సు ఉచితం కాబట్టి, శనివారాలు మనవణ్ని నేనే తీసుకెళ్లేదాన్ని. వాళ్లిద్దరూ హాయిగా పడుకునేవాళ్లు.

పిల్లల భయం నాకు అర్థం కాకపోలేదు. మంచులో జారితే, ఫోను ఆగిపోతే, అసలే డాక్టరు ఖర్చులు. కానీ ఇప్పుడు సూపర్ వీసా మీద ఒక్కసారి వెళ్తే ఐదేళ్లు ఉండనిస్తున్నారు. ఐదేళ్లుండే మనిషిని చుట్టపుచూపుగా వచ్చినవాళ్లలా శనివారం బయటికి తీసి, ఆదివారం రాత్రి లోపల పెట్టడం సరైనదేనా? తప్పు మనదీ ఉంది. "మాకెందుకమ్మా ఇవన్నీ" అని మొదట అనేది మనమే. ఇంగ్లీషు రాదని సాకు. నా ఇంగ్లీషు ఎంతో నాకు తెలుసు. కార్డు తాకించడానికి ఇంగ్లీషు అక్కర్లేదు.

ఇక్కడ మాత్రం మనం తిరుగుతున్నామా? 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సులు ఉచితం. ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుని నేను వెళ్లింది ఎక్కడికయ్యా అంటే పెళ్లిళ్లకి. ఉప్పల్ శిల్పారామం ఇంత దగ్గరుండి, టొరంటో నుంచి వచ్చాకే లోపల అడుగుపెట్టాను. మా అత్తగారు ఉండి ఉంటే ఆ ఉచిత బస్సులో మోత్కూరుకీ నాచారానికీ మధ్య చీర మార్చుకోకుండా తిరిగేవారు.

రాత్రి వియ్యపురాలికి ఫోన్ చేశాను. ఆవిడ స్వెటర్లు ఎన్ని తెచ్చుకోవాలని అడిగారు. "స్వెటర్ల సంగతి తర్వాత వదినగారూ, రేపు పదింటికి ఉప్పల్ మెట్రో దగ్గర స్కైవాక్ కింద ఉండండి. అమీర్‌పేటలో మారి చార్మినార్ వైపు వెళ్దాం, సాలార్‌జంగ్ చూసొద్దాం. మీ అబ్బాయికి చెప్పకండి, కారు పంపిస్తాడు" అన్నాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, మెట్రోలో టికెట్టు ఎలా తీసుకోవాలో చెప్పమన్నారు.