గ్లౌజు పట్టలేదు సరే, నెత్తురు సంగతేంది?

ఓ.జె. సింప్సన్ 2024 ఏప్రిల్ 10న క్యాన్సర్‌తో చనిపోయాడు. మనిషి పోయినా ఆయన పేరు మీద నడిచే దుకాణం మాత్రం బంద్ కాలేదు. 'అసలు హంతకుడు వేరే ఉన్నాడు' అనే సరుకు ముప్పై ఏండ్ల నుంచి పుస్తకాలుగా, సినిమాలుగా అమ్ముడుపోతూనే ఉన్నది.

1994 జూన్ 12 రాత్రి లాస్ ఏంజెలెస్‌లోని బ్రెంట్‌వుడ్‌లో నికోల్ బ్రౌన్‌నూ, ఆమె మిత్రుడు రాన్ గోల్డ్‌మన్‌నూ కత్తితో పొడిచి చంపారు. పిల్లలిద్దరూ అదే ఇంట్లో నిద్రపోతున్నారు. నికోల్ మాజీ భర్త సింప్సన్ అమెరికన్ ఫుట్‌బాల్ వీరుడు, సినిమా నటుడు. ఎనిమిది నెలలకు పైగా విచారణ సాగింది. కోర్టులో గ్లౌజు తొడిగిస్తే చేతికి పట్టలేదు. 1995 అక్టోబర్ 3న జ్యూరీ ఆయన్ని నిర్దోషి అన్నది. నాలుగు గంటలు కూడా చర్చించలేదు!

మరి చంపిందెవరు? కొలంబియా మత్తుమందుల ముఠా ఒకరి కోసం వచ్చి ఇంకొకర్ని చంపిందని వకీళ్ల కథ. సింప్సన్ మొదటి భార్య కొడుకే చంపాడని ఒక ప్రైవేటు డిటెక్టివ్ పుస్తకం. ఈ హత్యల్లో ఆ కొడుకు మీద పోలీసులు ఏనాడూ కేసు పెట్టలేదు. తండ్రిని కాపాడటానికి కొడుకును బలిపెట్టే ఈ తెలివి చూడండి! ఇవి చాలనట్టు, గ్లెన్ రోజర్స్ అనే వరుస హంతకుడే ఈ పని చేశాడని 2012లో ఒక డాక్యుమెంటరీ. వేరే హత్య కేసులో 2025 మే 15న ఫ్లోరిడాలో అతనికి మరణశిక్ష అమలైంది. ఇగ జవాబు చెప్పే మనిషే లేడు కాబట్టి ఈ కథకు ఇంకా గిరాకీ పెరుగుతుంది.

ఈ కథలన్నీ ఒక్క దగ్గరే బోర్లా పడతాయి. హత్య జరిగిన చోట దొరికిన నెత్తురు చుక్కల డీఎన్ఏ సింప్సన్‌ది. ఆయన కారులో దొరికింది హతుల నెత్తురు. అక్కడి అడుగుజాడలు 12 సైజు బ్రూనో మాలి బూట్లవి. అటువంటి బూట్లు తనకు లేనే లేవని ఆయన ప్రమాణం చేసి చెప్పాడు. తర్వాత అవే బూట్లు తొడుక్కున్న ఫొటోలు బయటపడ్డాయి. 1997లో సివిల్ కోర్టు జ్యూరీ ఈ చావులకు ఆయనే బాధ్యుడని తేల్చింది.

'సాక్ష్యాలు పోలీసులే పెట్టారు' అనే మాటను మాత్రం మేము నవ్వి కొట్టిపారేయం. పోలీసు కథనాన్ని ఉన్నదున్నట్టు మింగే అలవాటు మాకూ లేదు. డిటెక్టివ్ మార్క్ ఫర్మన్ పదేండ్లుగా నల్లవాళ్లను తిట్టే ఆ మాటే వాడలేదని ప్రమాణం చేశాడు. టేపులు ఆ అబద్ధాన్ని బయటపెట్టాయి. సాక్ష్యం మీరే పెట్టారా అని అడిగితే నోరు విప్పలేదు. 1991లో రాడ్నీ కింగ్‌ను పోలీసులు గొడ్డును బాదినట్టు బాదడం లోకమంతా వీడియోలో చూసింది. అయినా 1992లో జ్యూరీ వాళ్లకు శిక్ష వేయలేదు. ఊరు తగలబడి యాభై మందికి పైగా చనిపోయారు. నల్లవాళ్ల అనుమానం ఆకాశం నుంచి ఊడిపడలేదు.

కానీ అదే పోలీసులు సింప్సన్‌ను ఎట్లా చూశారు? 1989 జనవరి 1న తెల్లారకముందే, దెబ్బలు తిని అర్ధనగ్నంగా పరుగెత్తుకొచ్చిన నికోల్, వీడు నన్ను చంపేస్తాడని పోలీసులకే మొరపెట్టుకున్నది. అంతకుముందు కూడా వాళ్లు ఆ ఇంటికి వచ్చినవాళ్లే, వచ్చి ఉత్తచేతులతో పోయినవాళ్లే. ఆ కేసులో ఆయన జైలుకు పోలేదు. జరిమానా, సమాజసేవ, పర్యవేక్షణతో సరి. రాడ్నీ కింగ్‌కు దొరికిన మర్యాదకూ దీనికీ ఏమన్నా పోలిక ఉన్నదా? 1993 అక్టోబర్‌లో నికోల్ మళ్లీ ఫోన్ చేసి ఏడ్చింది. ఎనిమిది నెలలు తిరగకముందే శవమైంది. కుట్ర అంటే అది, ఏండ్ల తరబడి ఆయన పక్షాన సాగిన కుట్ర. ఏ కథలోనూ అది కనపడదు. పేద నల్లవాడు పడ్డ దెబ్బలను ధనవంతుడు తన వకీలు సంచిలో వేసుకొని పోతే మనం చప్పట్లు కొట్టాలా?

2006లో సింప్సన్ 'నేనే చేసి ఉంటే' అనే అర్థమొచ్చే పేరుతో పుస్తకానికి సిద్ధపడ్డాడు. మరుసటి ఏడాది కోర్టు దాని హక్కులు గోల్డ్‌మన్ కుటుంబానికి ఇచ్చింది. 1997 తీర్పు ప్రకారం రెండు కుటుంబాలకు ఆయన చెల్లించాల్సింది 3 కోట్ల 35 లక్షల డాలర్లు. చచ్చేనాటికి అందులో చాలా భాగం బాకీయే.