ఇల్లు అమ్ముతున్నారు, సంతకానికి రమ్మన్నారు

అమలాపురంలో మా నాన్న కొన్న ఇల్లు అమ్మకానికి పెట్టారు. ఆ సంగతి మా అన్నయ్యలు నాకు చెప్పలేదు. బ్రోకరు ఫోను చేసి చెప్పాడు. "ఆడపడుచుగారు కూడా ఓ సంతకం పెట్టాలంటున్నారండి ప్లీడరుగారు. పొద్దున్న వచ్చి మధ్యాహ్నానికి వెళ్ళిపోవచ్చండి" అన్నాడు. ఎంతకి బేరం కుదిరిందని అడిగాను. "అదంతా అన్నయ్యగార్లు చూసుకుంటున్నారండి" అన్నాడు, ఎంతో మర్యాదగా.

ఫోను పెట్టేశాక నాకు కోపం కన్నా సిగ్గు ఎక్కువ వేసింది. స్త్రీల ఆస్తిహక్కు గురించి ఎన్నో సభల్లో మాట్లాడినదాన్ని. చట్టాల సంవత్సరాలు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కాని మా వీధిలో గజం ఎంత పలుకుతోందో నాకు తెలియదు! మా అన్నయ్యలకి తెలుసు, బ్రోకరుకి తెలుసు, టీ కొట్టు దగ్గర కూర్చునేవాళ్ళకి తెలుసు. 2022 ఏప్రిల్ 4న అమలాపురం జిల్లా కేంద్రమయినప్పటి నుంచీ ఆ ఊళ్ళో మగవాళ్ళు నలుగురు కూడితే స్థలాల రేట్లే మాట్లాడుకుంటున్నారు. ఆ మాటలు వంటింటి దాకా రావు.

అందుకే ఈ వ్యాసంలో నా మొదటి ఫిర్యాదు మన మీదే. మనం హక్కు గురించి చెబుతాం, ధర గురించి చెప్పం. డబ్బు లెక్క అడిగిన ఆడది ఆశపోతు అనే పితృస్వామ్య నీతి మనలోనూ ఎక్కడో మిగిలే ఉంది.

హక్కు గురించి కూడా మనం సగమే చెబుతున్నామేమో. "కూతుళ్ళకి హక్కు ఎన్టీఆర్ ఇచ్చాడు" అని మన కార్యకర్తలే అంటుంటారు. 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించిన ఆ రాష్ట్ర సవరణ ఉమ్మడి కుటుంబ ఆస్తికి సంబంధించినది. అప్పటికే పెళ్ళయిన కూతుళ్ళని అది బయటే ఉంచింది. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలన్న నియమం లేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇదంతా పిత్రార్జితం మాట. తండ్రి స్వయంగా కొని, వీలునామా రాయకుండా పోతే, భార్యకీ కొడుకులకీ కూతుళ్ళకీ సమాన వాటాలని 1956 చట్టమే చెప్పింది. మా ఇంటి సంగతి అదే: అమ్మ, ఇద్దరన్నయ్యలు, నేను. తలా పావలా వంతు. అయితే అదే చట్టంలో 23వ సెక్షను ఒకటి ఉండేది. మగ వారసులు పంచుకుందామనుకునే దాకా నివాసపు ఇంట్లో పంపకం అడిగే హక్కు ఆడ వారసులకి లేదని దాని సారాంశం. దాన్ని తీసేయడానికి 49 ఏళ్ళు పట్టింది. చట్టం పుస్తకంలోంచి పోయింది గాని ఇళ్ళల్లోంచి పోలేదు.

ఇక ధర సంగతి. మా వాళ్ళు నాకు పంపిన చిత్తు కాగితం పేరు హక్కు విడుదల దస్తావేజు. అందులో నా వాటాకి కట్టిన విలువ రిజిస్ట్రేషన్ శాఖ పుస్తకంలోని మార్కెట్ విలువ ప్రకారం ఉంది. స్టాంపు డ్యూటీ లెక్క కోసం ప్రభుత్వం పెట్టుకునే కనీస విలువ అది. బయట బేరం దానికి చాలా పైన నడుస్తుంది. ఆ పైమొత్తం చేతిలో చెయ్యి పెట్టి తీసుకునేది, కాగితం మీదికి రానిది. చెల్లెలికి కాగితం మీది దాంట్లో నాలుగో వంతు, అన్నదమ్ములకి అసలు ధరలో మిగిలినదంతా! మోసం అనే మాట ఎవరూ వాడరు. "రూలు ప్రకారమేనమ్మా" అంటారు.

కట్నం ఇచ్చాం కదా అంటారు. 1961 నుంచి కట్నం ఇవ్వడమూ పుచ్చుకోవడమూ నేరమే. ఆ నేరం కింద నా అత్తవారికి ముట్టిన సొమ్ముని నా వాటాలో ఎలా జమకడతారు?

ఈ మధ్య ఇంటికి సున్నం వేయించారు, పెరట్లో కొబ్బరిచెట్లు ఒలిపించారు. కొనేవాళ్ళు చూడ్డానికి వస్తే అమ్మని వెనక గదిలో కూర్చోమన్నారట. ముసలావిడ కనిపిస్తే ఇల్లు ఖాళీ అవ్వదేమోనని అనుమానపడతారని! 1996 నవంబరు 6 తుపానుకి ఆ ఇంటి పెంకులు లేచిపోతే తన గాజులు అమ్మి కప్పు వేయించింది ఆవిడే. ఆ గాజులు ఏ లింకు డాక్యుమెంటులోనూ లేవు. ఇల్లు అమ్మాక ఎక్కడుంటావని అమ్మని అడిగాను. "ఆరు నెలలు ఒకడి దగ్గర, ఆరు నెలలు ఒకడి దగ్గర అంటున్నారే" అంది. ఆస్తిలో పావు వంతు యజమానురాలి మాట ఇది.

రాజోలు వైపు నేను కలుసుకున్న ఒకామె కథ ఇంకా కఠినమైనది. కువాయిట్‌లో ఇంటిపనికి వెళ్ళి ఏళ్ళ తరబడి పంపిన డబ్బుతో డాబా లేచింది, స్థలం మాత్రం భర్త పేరున ఉంది. ఆమె తిరిగొచ్చేసరికి అతను బజానా కూడా పుచ్చుకున్నాడు. అడిగితే కొట్టాడు. ఇటువంటి చోట 2005 గృహహింస చట్టం పనికొస్తుంది. హింస జరిగిందని మేజిస్ట్రేటు నమ్మితే ఆ ఇల్లు అమ్మకుండా, తాకట్టు పెట్టకుండా ఉత్తర్వివ్వచ్చు. కాగితం ఆమె పేరున ఉండనక్కర్లేదు. ఆమె మా దగ్గరికి వచ్చేటప్పటికి రిజిస్ట్రేషన్ అయిపోయింది. ఒక్క వారం ముందు వస్తే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనుకుంటాను.

ఇల్లు స్త్రీ పేరున ఉంటే ఏమవుతుందంటారా? తిరువనంతపురం జిల్లాలో ప్రదీప్ పాండా, బీనా అగర్వాల్ చేసిన అధ్యయనం 2005లో వెలువడింది. ఇల్లూ భూమీ రెండూ లేని వివాహితుల్లో 49 శాతం భర్త చేతి దెబ్బలు తిన్నారు. రెండూ ఉన్నవాళ్ళలో 7 శాతం.

వాటా అడిగితే పుట్టిల్లు దూరమవుతుందని సభల్లో స్త్రీలు అంటారు. అది వట్టి భయం కాదు. పండక్కి పిలిచేవాళ్ళు ఉండరు, నిజమే. కాని ఆ ప్రేమకి వెల ఎప్పుడూ చెల్లెలే ఎందుకు కట్టాలి?

నేను సంతకం పెట్టలేదు. ఆన్‌లైన్‌లో ఈసీ తీశాను. పుస్తకం విలువ చూశాను. అదే వీధిలో ఇల్లు కొన్న ఇద్దరిని అసలు ఎంత ఇచ్చారని అడిగాను. ఒకాయన చెప్పలేదు, ఆయన భార్య చెప్పింది. 1956 చట్టం 22వ సెక్షను ప్రకారం తోటి వారసులు తమ వాటా అమ్మదలిస్తే, దాన్ని ముందుగా కొనుక్కునే హక్కు నాకూ అమ్మకీ ఉంది. ధర కుదరకపోతే కోర్టు నిర్ణయిస్తుంది. ఈ మాట అన్నయ్యకి చెబితే, "నువ్వు కొంటావా?" అని నవ్వాడు. తరవాత నవ్వు ఆపి, "ఎంతకి?" అన్నాడు. మా అన్నయ్య నాతో ధర మాట్లాడడం అదే మొదటిసారి.

అమ్మ వాటాకి చిన్న ఇల్లు ఆమె పేరున రిజిస్టరయ్యాకే మిగతా మాట అన్నాను. బ్రోకరు వచ్చే బుధవారం మళ్ళీ రమ్మన్నాడు. ఈసారి అమ్మ ముందు గదిలోనే కూర్చుంటానంది.